సున్నం వేయని చేయి

పద్నాలుగో భాగం

“ఆ మాట ఇంకొకసారి అను,” అంది ఎలీషబా.

పాల్ రాజు వెనక్కి తిరగలేదు. గాజు అలమర ముందు చేతులు కట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

“ఏ మాట?”

“ఇప్పుడన్నావే, ఆ బిడ్డను చూసి.”

“నేనేమీ అనలేదు.”

“అన్నావు. మన్నించు నాయనా అన్నావు. నాకింకా చెవుడు రాలేదు.”

అలమర నిండా సీసాలు. సీసాల్లో, పాలిపోయిన నీళ్లలో, లోకం చూడకుండానే పోయిన బిడ్డలు. బ్యాంకాక్‌లో ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు డాక్టరు చదువులు చదివే పిల్లల కోసం ఎప్పుడో దాచినవి. ఇప్పుడు టికెట్టు పెట్టి అందరికీ చూపిస్తున్నారు. చూడ్డానికి ఇంకేమీ దొరకనట్టు దేశదేశాల జనం లైను కట్టి మరీ వస్తున్నారు.

రంగుల కంపెనీ వాళ్లు పెయింటు మేస్త్రీలను టూరుకు తెచ్చింది ఇది చూపించడానికి కాదు. డబ్బాల్లో వచ్చే టోకెన్లు ఎక్కువ పోగు చేసిన నలభై మందిని, భార్యలతో సహా, నాలుగు రోజులు తిప్పుతామని తెచ్చారు. మూడో రోజు నదిలో పడవ ఎక్కాలి. తెల్లారేసరికి వాన పట్టుకుంది. గిద్దలూరు మేస్త్రీ వీరాంజనేయులు ఫోను తీసి, ఇక్కడికి దగ్గర్లోనే శవాల మ్యూజియం ఉందంట పోదాం పదండి అని గైడును పీక్కుతిన్నాడు. ఊళ్లో ఎవరన్నా పోతే గుమ్మం దాకా వెళ్లి రావడానికి నాలుగుసార్లు ఆలోచించే మనుషులు, అదేదో సర్కస్ అయినట్టు బస్సెక్కారు.

ఎలీషబాకు లోపలికి అడుగు పెట్టినప్పటినుంచే ఒళ్లు మండుతోంది. ప్రతి సీసా ముందూ ఎవరెవరో పెట్టిపోయిన వస్తువులున్నాయి. ఒకచోట ప్లాస్టిక్ కారు, ఒకచోట పాలడబ్బా, ఇంకొకచోట చెవులు కుట్టిన గుడ్డ కుందేలు. ముక్కూ ముఖం తెలియని బిడ్డకు ఎవరో తల్లి పెట్టి ఉంటుంది. అప్పుడే పాల్ రాజు జేబులోంచి చాక్లెట్ తీశాడు. విమానంలో ఇచ్చింది. ఇంటి దగ్గరున్న కూతురు ప్రశాంతికని మూడు రోజులుగా దాచింది. తల పెద్దదిగా, ఒళ్లు పిడికెడుగా ఉన్న ఒక బిడ్డ ముందు దాన్ని పెట్టాడు. పెట్టి, ఆ మాట అన్నాడు.

“ఏం బావా,” అన్నాడు వీరాంజనేయులు వెనకనుంచి, ఫోనులో వీడియో తీస్తూ. “లేచి తింటాడా ఏంది వాడు?”

నలుగురు నవ్వారు.

పాల్ రాజు తిరిగాడు. తిరిగిన మనిషి ఏం చేస్తున్నాడో ఎవరికీ అర్థమయ్యేలోపే వీరాంజనేయులు చొక్కా కాలరు అతని పిడికిట్లో ఉంది.

“ఇంకొక్క మాట మాట్లాడినావంటే పళ్లు రాలతాయి.”

ముప్పై ఏళ్ల స్నేహం వాళ్లది. ఒకే తాడు మీద వేలాడి చర్చి గోపురాలకు రంగులు వేసినవాళ్లు. వీరాంజనేయులు భార్య నాగవేణి పరుగున వచ్చి మధ్యలో దూరింది. కాపలా మనిషి వచ్చి ఏదో వాళ్ల భాషలో గట్టిగా అన్నాడు. పాల్ రాజు కాలరు వదిలి, తలుపు వైపు చకచకా నడిచి వెళ్లిపోయాడు.

“ఏమైందక్కా అన్నకు?” అంది నాగవేణి.

“నాకూ అదే తెలియాల,” అంది ఎలీషబా.

ఆమె ఆ సీసా దగ్గరికి వెళ్లింది. బిడ్డ కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎవరో కన్నారు. ఎవరో ఇచ్చేశారు. ఆ రెండో సంగతి తట్టిన తరువాత ఆమెకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

*

హోటల్ గదిలో పాల్ రాజు మంచం అంచున కూర్చుని తడిసిన బూట్లు విప్పుతున్నాడు. ఒక ముడి విప్పడానికి అంతసేపు పట్టదు.

“మోషేను నువ్వే పాతిపెట్టినావు గదా,” అంది ఎలీషబా.

“ఇప్పుడెందుకు ఆ సంగతి?”

“అవును అంటే సరిపోతాది. లేదంటే లేదను.”

“అవును.”

“నీ చేతుల్తోనే?”

“చెప్తున్నా గదా, అవునని.”

“అయితే పన్నెండేళ్లలో వాడి సమాధికి ఒక్కసారన్నా సున్నం ఎందుకు వేయలేదు?”

అతను బూటు కింద పెట్టాడు. రెండోది తీయలేదు.

బేస్తవారిపేట క్రైస్తవుల సమాధుల దొడ్డిలో అరవైకి పైగా సమాధులున్నాయి. ప్రతి ఏడూ ఈస్టరు ముందు వారం వాటన్నిటికీ సున్నం వేసేది పాల్ రాజే. ఎవరి దగ్గరా కూలి తీసుకోడు. దిక్కులేని ముసలివాళ్ల సమాధులకు కూడా గోకి, కడిగి, రెండు పూతలు వేస్తాడు. కానీ మూలన, తుమ్మచెట్టు పక్కన, రెండడుగుల సమాధి ఒకటుంది. దానికి మాత్రం కుంచె తాకించడు. ఆ ఒక్కటీ ఎలీషబా వేస్తుంది. కన్నకొడుకు కదా, చెయ్యి ఆడదు పాపం అనుకుంది ఇన్నేళ్లూ. పైగా ఆ కారణంగా అతని మీద జాలిపడింది. ఇప్పుడా జాలి తలుచుకుంటే తన మీద తనకే కోపం వచ్చింది.

“నిన్నే అడుగుతున్నా.”

“ఇంటికి పోయినాక మాట్లాడుకుందాం.”

“ఇక్కడ మాట్లాడితే ఏమైతాది? తెలుగు వచ్చినోళ్లు ఎవురన్నా విని ఊళ్లో చెప్తారనా?”

“ఎలీషబా, వదిలెయ్యి.”

ఆమె వదల్లేదు. నోటితో వదిలింది, మనసులో పట్టుకుంది. కిటికీ దగ్గర కూర్చుని, కింద వానలో ఇరుక్కుపోయిన వందల బండ్లను చూస్తూ, ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది.

మోషే పుట్టిన రోజు, డాక్టరు చదువులు కూడా చెప్పే జిల్లా పెద్దాసుపత్రిలో ఆమెకు ఆపరేషన్ చేశారు. తెలివి వచ్చేసరికి మరుసటి రోజు మధ్యాహ్నం. బిడ్డ రెండు గంటలు బతికాడనీ, ఎండలకు ఉంచలేక తీసుకుపోయి పాతిపెట్టారనీ అత్త చెప్పింది. అచ్చం నీ ముక్కేనమ్మీ, తెల్లగా ఉన్నాడు అని కూడా చెప్పింది. కుట్లు మానక తొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే ఉంది. బాలింత సమాధుల దొడ్డికి పోకూడదని ఇంకో నెల ఇంట్లో కూర్చోబెట్టారు. ఆమె వెళ్లేసరికి మట్టి ఆరిపోయి, తలాపున మార్కాపురం పలకరాయి పాతి ఉంది. రాతి మీద మోషే అని పేరు, కింద తారీఖు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. మూడు రోజుల కింద, ఈ ఊళ్లో దిగినప్పుడు, ఎయిర్‌పోర్టులో వేళ్లు మిషను మీద పెట్టమన్నారు. మన రేషను షాపులో మాదిరే ఉందే అని ఆమె నవ్వింది. “సిరా పూసి వేలిముద్ర వేసింది మాత్రం పుట్టి బుద్ధెరిగినాక ఒక్కసారే. అదీ మోషే పుట్టిన రోజు. తెలివొచ్చి చూసుకుంటే బొటనవేలంతా నీలం. ఆపరేషన్ కాగితాలకు అని చెప్పింది నర్సు,” అని మాటవరసకు అంది. పక్కనున్న పాల్ రాజు ఏదో పోగొట్టుకున్నట్టు సంచి వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

తిరుగు ప్రయాణంలో అతను మంచినీళ్ల సీసా ఇస్తే ఆమె తీసుకుని నాగవేణికి ఇచ్చింది. విమానంలో మళ్లీ చాక్లెట్లు ఇచ్చారు. ఇద్దరూ తీసుకోలేదు.

*

మట్టల ఆదివారం పోయిన మరునాడు పొద్దున్నే సంఘపెద్ద ప్రభుదాస్ వాకిట్లోకి వచ్చాడు.

“ఏం పాల్ రాజూ, ఫారిన్ పోయొచ్చినావు, మమ్మల్ని మరిచిపోతివా? ఈ ఆదివారమే ఈస్టరు. శుక్రవారానికల్లా సమాధులు అయిపోవాల.”

పాల్ రాజు నోరు తెరిచేలోపు ఎలీషబా వంటింట్లోంచి వచ్చింది.

“ఈరోజే మొదలుపెడతాడు పెదనాయనా. మా మోషేతోనే మొదలు.”

“మంచిదమ్మా,” అని ప్రభుదాస్ వెళ్లిపోయాడు. అంత మంచి మనిషికి ఆ మాటతో ఎవరి ఇంట్లో నిప్పు అంటుకుందో తెలియలేదు.

ఎలీషబా సున్నం బకెట్టు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. దాని మీద కుంచె అడ్డంగా పెట్టింది. అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్న అత్త రాహేలమ్మ చేట పక్కన పెట్టేసింది.

“మోషేది ఏటా నువ్వే కదమ్మీ వేసేది.”

“ఈ ఏడు వాళ్ల నాయన వేస్తాడు.”

“వాడికి చెయ్యి రాదు. నీకు తెలియందేముంది. ఇట్ల తే, నేనేస్తా.”

“నువ్వెందుకత్తా? డెబ్బై ఏళ్లు వచ్చినాయి. వంగలేవు.”

“వంగుతాలే.”

“ఊళ్లో అందరి సమాధులకూ వచ్చిన చెయ్యి కన్నకొడుకు సమాధికి ఎందుకు రాదో, నువ్వెందుకు అంత తొందరపడుతున్నావో, ఇద్దరిలో ఎవురు చెప్తారు?”

వీధిలో కూరగాయల ఆటో మైకు పెట్టుకుని టమాటాల ధర అరుచుకుంటూ పోయింది.

పాల్ రాజు కుంచె తీసుకున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు.

“అందులో ఎవురూ లేరు,” అన్నాడు.

“ఒరే,” అంది రాహేలమ్మ.

“చెప్పనీ అమ్మా. ఆ సీసా చూసినప్పటినుంచి నాకు నిద్ర లేదు.” అతను ఎలీషబా వైపు చూడలేదు, బకెట్లో సున్నం వైపు చూస్తూ చెప్పాడు. “వాడికి తలకు నీరు పట్టింది. ఇంత లావు తల. రెండు గంటలు బతికినాడు, అది నిజమే. పోయినాక డాక్టరమ్మ పిలిచి అడిగింది. ఇట్లాంటి బిడ్డలు చదువుకునే పిల్లలకు పనికొస్తారు, ఇస్తారా అని. ఇచ్చినా.”

“ఇచ్చినావా,” అంది ఎలీషబా.

“కాగితం మీద సంతకం పెట్టినా.”

“దుకాణంలో మిగిలిపోయిన రంగు డబ్బా వెనక్కి ఇచ్చినట్టు ఇచ్చినావు.”

“ఆ రూపంతో వాణ్ని ఊళ్లోకి తెచ్చే ధైర్యం లేకపోయింది. నువ్వు చూస్తే బతకవు అనుకున్నా.”

“నేను బతికేది బతకంది నువ్వెట్ల చెప్తావు? తొమ్మిది నెలలు మోసినా. తల ఎట్లున్నా మోసినా. లోపలున్నప్పుడు వాడేమన్నా నాకు వంకర అనిపించినాడా? ఒక్కసారి, ఒక్కసారి ఒళ్లో పెట్టి ఉంటే ఏం పోయేది మీకు?”

“నిన్నే అంటారు,” అంది రాహేలమ్మ. ఆమె గొంతు కూడా లేచింది. “ఊరి నోరు నీకు తెలియదు. తల్లి చేసిన పాపం బిడ్డ తలకెక్కింది అంటారు. తొలిచూలు పోగొట్టుకున్న దానివి, ఆ మాట కూడా నీ నెత్తిన పడాల్నా? అందుకే చేసినాం. నీకొక చోటుండాలని సమాధి కట్టించింది నేనే. మా తమ్ముడు పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, వాడితో రాయి తెప్పించి పేరు చెక్కించింది నేనే.”

“లోపలేం పెట్టినావత్తా?”

రాహేలమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

“ఏం పెడతాం. తీసిన మట్టే పోసినాం.”

ఎలీషబా అరుగు కింద మెట్టు మీద కూలబడింది. ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే ఆ ఇంట్లో వాళ్లకు కొంచెం ఊపిరి ఆడేది.

“పన్నెండు ఈస్టర్లు,” అంది. “చీకటితోనే లేచి, తల స్నానం చేసి, కొవ్వొత్తి పెట్టి మోకాళ్లేసినా. నీకు చెల్లి పుట్టింది మోషే అని చెప్పినా. మీ నాయన కొత్త బండి కొన్నాడని చెప్పినా. చెల్లికి లెక్కల్లో తొంభై వచ్చినాయని చెప్పినా. ఆ మట్టికి. నువ్వు పక్కన నిలబడి ఆమెన్ అన్నావు గదత్తా.”

“మంచికే అన్నానమ్మీ.”

“ఎవురి మంచికి?”

డెబ్బై ఏళ్లుగా ప్రార్థనలు చేసిన రాహేలమ్మ నోరు ఏదో ఒక మాట దొరకబుచ్చుకుంది.

“మోషే అని ఊరికే పెట్టలేదు పేరు. బైబిల్లో ఆ పెద్ద మోషే సమాధి యాడుందో కూడా ఈ రోజుకీ ఎవురికీ తెలియదు.”

ఎలీషబా లేచి నిలబడింది. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో అత్త ముఖంలో ముఖం పెట్టి మాట్లాడింది లేదు. ఇప్పుడు మాట్లాడింది.

“ఆ మోషేను పాతిపెట్టింది దేవుడంట. నా మోషేను ఎవురు పాతిపెట్టినారు? దేవుడి పేరు అడ్డం పెట్టుకోవద్దత్తా, నేను వినను. చేసిన పని చేసినామని చెప్పండి, ఇద్దరూ.”

“చేసినాం,” అన్నాడు పాల్ రాజు.

“యాడున్నాడిప్పుడు?”

“ఆ ఆసుపత్రిలోనే. ఉంటే.”

“సీసాలో.”

అతను కుంచె మళ్లీ బకెట్టు మీద పెట్టేశాడు.

“దేశం గాని దేశంలో, ఎవురో కన్న బిడ్డ ముందు నువ్వు చాక్లెట్ పెట్టినావే. నీ బిడ్డ ముందు ఎవురు పెడుతున్నారు ఈ పన్నెండేళ్లు? ఆలోచించినావా ఎప్పుడన్నా?”

“రోజూ,” అన్నాడు పాల్ రాజు.

ఆ జవాబుకు ఆమె మెత్తబడలేదు. రోజూ ఆలోచించే మనిషి రోజూ నోరు మూసుకున్నాడన్న సంగతే ఆమెకు ఎక్కువ కాలింది. గోడవారగా ఉన్న గడ్డపార అందుకుంది.

“యాడికి?” అంటూ రాహేలమ్మ అడ్డం వచ్చింది. “ఒసే, సమాధి తవ్వుతారా ఎవురన్నా? శ్రమల వారంలో?”

“సమాధైతే కదా.”

*

ఎండ అప్పటికే ముదిరింది. సమాధుల దొడ్డిలో ప్రభుదాస్ ఇద్దరు మనుషులతో ముళ్లకంప కొట్టిస్తున్నాడు. గడ్డపారతో వచ్చిన ఎలీషబాను చూసి, సున్నం ఏదమ్మా అని అడగబోయి ఆగాడు. ఆమె ముఖం చూస్తే అడగాలనిపించలేదు.

తుమ్మచెట్టు పక్కన పోయినేడు తను వేసిన సున్నం అక్కడక్కడా పెచ్చులు లేచి ఉంది. కొవ్వొత్తి కారిన మరక ఇంకా పోలేదు. ఎలీషబా మట్టి జోలికి పోలేదు. రాయి మొదట్లో గడ్డపార దించి ఒక్కొక్క వైపే కదిలించింది. పలకరాయి పెళుసు, గట్టిగా కొడితే పొరలు పొరలుగా విడిపోతుంది. మార్కాపురం వైపు పుట్టిన పిల్లకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అంత కోపంలోనూ రాయికి దెబ్బ తగలకుండా అరగంట పాటు తవ్వింది.

పాల్ రాజు వచ్చి దూరంగా నిలబడ్డాడు. సాయం పట్టడానికి ఒక అడుగు వేశాడు.

“తాకొద్దు,” అంది.

ఆగిపోయాడు.

“ఏంది తల్లీ ఇది?” అన్నాడు ప్రభుదాస్ చివరికి.

“కింద లేనోడికి పైన పేరెందుకు పెదనాయనా? యాడున్నాడో అక్కడికి తీసుకుపోయి పెడతా.”

ప్రభుదాస్ పాల్ రాజు వైపు చూశాడు. ముళ్లకంప కొట్టేవాళ్లు కత్తులు దించారు. మధ్యాహ్నానికి ఊరంతా పాకుతుందని ఆమెకు తెలుసు. పాకనీ అనుకుంది. పన్నెండేళ్లు ఊరికి భయపడి బతికింది తను కాదు.

మూరెడు రాయి. కొంగుతో మట్టి తుడిచి చంకన పెట్టుకుంది. పాల్ రాజు ముందునుంచి నడుస్తూ, ఆగకుండానే చెప్పింది.

“రేపు పొద్దున మార్కాపురం బస్సు. అక్కడ దిగి ఆ ఆసుపత్రికి ఇంకో బస్సు. సంతకం పెట్టినోడివి నువ్వు. నా బిడ్డను నాకియ్యండి అని నువ్వే అడగాల. నేను పక్కన నిలబడతా.”

“అడుగుతా,” అన్నాడు పాల్ రాజు. ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అన్నాడు.

*

పొద్దున ఏడున్నరకు బస్టాండులో ఇద్దరూ ఒకే బల్ల మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఎడం పెట్టుకుని కూర్చున్నారు. పాల్ రాజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎలీషబా ఒళ్లో రంగుల కంపెనీ వాళ్లు టూరుకు ఇచ్చిన బ్యాగు. బ్యాగు మీద విమానం బొమ్మ, లోపల దుప్పటి చుట్టిన పలకరాయి.

“ఇయ్యమంటే ఇస్తారా?” అన్నాడు పాల్ రాజు.

“ఎందుకియ్యరు?”

“ఎన్నేళ్లో అయిపాయె. అప్పటి డాక్టర్లు ఉంటారో ఉండరో.”

“అప్పటి తల్లి ఉంది గదా.”

అతను తల ఊపాడు. పది రోజుల తరువాత ఆమె అతనికి ఎదురు ప్రశ్న కాకుండా ఇచ్చిన మొదటి జవాబు అది. ఎలీషబా కూడా ఆ సంగతి గమనించింది. కోపం తగ్గలేదు కానీ, ఈ మనిషి ఆ ఆసుపత్రి గుమ్మంలో నిలబడి అడిగితే చాలు, తరువాత సంగతి తరువాత చూద్దామనుకుంది.

బస్సు మలుపు తిరుగుతుండగా రాహేలమ్మ వచ్చింది. చెప్పులు లేవు, పైట జారిపోతోంది. చేతిలో ఆమె పాత కళ్లద్దాల పెట్టె.

“ఇది లేకుండా పోతే లోపలికి కూడా రానియ్యరు,” అంది రొప్పుతూ. పెట్టె తెరిచి, అద్దాల కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. “ఆ రోజు మాకిచ్చిన నకలు. పారెయ్యబుద్ధి కాలేదు. వాడి నంబరుంది అందులో.”

“అమ్మా, అది నాకియ్యి,” అన్నాడు పాల్ రాజు. చెయ్యి చాచాడు. ఆ తొందర ఎలీషబా చూసింది. చూసింది కనుకే అతనికంటే ముందు అందుకుంది.

మడతల దగ్గర చినిగిపోయింది కాగితం. ఏడో తరగతి దాకా చదివిన ఆమె నిదానంగా చదివింది. పైన ఒక నంబరు. మగశిశువు. కింద, మా పూర్తి ఇష్టంతో అని ఒక వాక్యం. దాని కింద తండ్రి అని రాసి, పాల్ రాజు సంతకం. ఆ పక్కనే తల్లి అని రాసి ఉంది. అక్కడ సంతకం లేదు. నీలం రంగు బొటనవేలి ముద్ర ఉంది.

బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు.

ఎలీషబా తన ఎడమ బొటనవేలు కాగితం పక్కన పెట్టి చూసుకుంది. నీలం పోవడానికి ఆ ఆసుపత్రి పంపు కింద వేలు ఎంత తోమిందో గుర్తొచ్చింది. అడిగినవాళ్లకు బిడ్డను ఇచ్చేసింది మొగుడూ అత్తే అనుకుంది ఇప్పటిదాకా. కాగితం మీద తనూ ఇచ్చింది.

“నా వేలు ఎవురు పట్టుకున్నారు?”

రాహేలమ్మ కొడుకు ముఖం చూసింది.

“అత్తా, నువ్వా?”

“నేను ఆ గదిలో లేనమ్మీ.”

“నేనే,” అన్నాడు పాల్ రాజు. “తల్లిది కూడా ఉండాలన్నారు. నువ్వు మత్తులో ఉంటివి. మంచం పక్కన కూర్చుని... నేనే పట్టి వేయించినా.”

“నా చెయ్యి పట్టుకుని.”

“ఊఁ.”

“నిద్రలో నా చెయ్యి పట్టుకున్నావు. నేను ఏమనుకుని ఉంటానో తెలుసా? కలలో నువ్వు నా చెయ్యి పట్టుకున్నావనే అనుకున్నా. ఆ నెలంతా అది తలుచుకునే బతికినా.”



ఎలీషబా కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. బ్యాగు భుజానికి తగిలించుకుని బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. పాల్ రాజు వెనకే ఎక్కి మెట్టు మీద ఆగిపోయాడు.

కండక్టరు వచ్చాడు.

“యాడికమ్మా?”

“మార్కాపురం.”

ఆధార్ చూసి జీరో టికెట్టు కొట్టి ఇచ్చాడు. “బరువుగా ఉన్నట్టుంది, పైన పెట్టుకో బ్యాగు.”

“ఒళ్లోనే ఉండనీ.”

“ఆయన మీ ఆయనే కదా? ఆయనకూ మార్కాపురమేనా?”

“ఆయనకు కొట్టొద్దు,” అంది ఎలీషబా. “దిగిపోతాడు.”

డ్రైవరు హారను కొట్టాడు. కింద రాహేలమ్మ ఖాళీ కళ్లద్దాల పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. బస్సు కదిలింది. పాల్ రాజు దిగలేదు, లోపలికీ రాలేదు, రెండు చేతుల్తో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

“ఏమయ్యా,” అన్నాడు కండక్టరు విసుగ్గా, “దిగుతావా, టికెట్టు తీసుకుంటావా? ఏదో ఒకటి తేల్చు.”

పాల్ రాజు భార్య వైపు చూశాడు. ఎలీషబా రవికలోంచి కాగితం మళ్లీ తీసి, కొడుకు నంబరు బట్టీ పడుతోంది.